డి.ఎన్.ఏ. మీది చుక్కలు – ప్రతిరక్షకాల సాక్ష్యం

మన ప్రాంతంలో కళాశాల విద్యార్థిగా ఉండి రక్తదాన శిబిరాన్ని చూడనివారు అరుదు. 1999లో నార్కట్‌పల్లిలో వైద్య కళాశాల, దాని ఆసుపత్రి నెలకొన్నవి. హైదరాబాదు – విజయవాడ రహదారి వంటి దారి ప్రక్కన పెద్ద ఆసుపత్రి ఉన్నచోట రక్తం అవసరం ఎల్లప్పుడూ ఉంటుంది. శిబిరంలో ముందుగా మన వేలిని సూదితో గుచ్చి, తెల్లని పలక మీద మూడు చోట్ల మూడు రక్తపు బొట్లు పెడతారు. మొదటి దానిలో నీలి ద్రవం, రెండవ దానిలో పసుపు ద్రవం, మూడవ దానిలో రంగు లేని ద్రవం ఒక్కొక్క చుక్క వేసి పుల్లతో కలుపుతారు. ఒకచోట రక్తం విరిగిన పాలవలె ముద్దలు కడుతుంది, వేరొకచోట అట్లే ఉండిపోతుంది. ఆ ముద్దలను చూచి ‘నీది బి పాజిటివ్’ అని చెప్పి పంపుతారు. ఇంతటితో మనం సంతోషించి బిస్కెట్లు, పండ్లరసం దగ్గరకు వెళ్ళిపోతాం. ఆ నీలి ద్రవంలో ఏమున్నదని అడిగేవారు నూటికి ఒక్కరైనా ఉండరు.

అందులో ఉన్నది ప్రతిరక్షకం. దీనినే యాంటీబాడీ అని వాడుకలో అంటున్నాం. నీలి రంగు కేవలం గుర్తు కోసం కలిపినది; పని చేసేది ప్రతిరక్షకమే. ఎర్ర రక్తకణం మీద ఎ అనే పదార్థం ఉంటేనే అది అంటుకుంటుంది, లేకుంటే అంటుకోదు. అంటుకోవడం, అంటుకోకపోవడం అనే ఈ ఒక్క గుణాన్ని ఆధారంగా చేసుకొని శాస్త్రజ్ఞులు రక్తకణం కంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైన మరొక వస్తువును వెతకడానికి పూనుకున్నారు. అది డి.ఎన్.ఏ. మీద అక్కడక్కడ కనబడే చిన్న రసాయనిక మార్పు. ఆ ప్రయత్నం ఎట్లా సాగినది, అందులో ఎంతవరకు నమ్మవచ్చును, ఎక్కడ అనుమానించవలెను అన్నదే ఈ వ్యాస విషయం.

డి.ఎన్.ఏ.లో నాలుగే అక్షరాలున్నవని మనం పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం – ఎడినిన్, గ్వానిన్, థైమిన్, సైటోసిన్. ఇది స్థూలంగా నిజమే గాని పూర్తి నిజం కాదు. మన కళాశాలలో ఉర్దూ చదివే మిత్రులకు ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. ఉర్దూలో ఒకే ఆకారం గల అక్షరానికి కడుపులో చుక్క పెడితే జీమ్, చుక్క తీసివేస్తే హే, పైన పెడితే ఖే. ‘దుఆ’ అని వ్రాసిన మాటలో ఐన్ అనే అక్షరం మీద ఒక్క నుఖ్తా పడితే అది గైన్ అయి ‘దగా’ అవుతుంది. దీవెనకూ మోసానికీ మధ్య ఉన్నది ఒక్క సిరాచుక్క! సైటోసిన్ అక్షరానికి కూడా ప్రకృతి అటువంటి నుఖ్తా పెడుతుంది. సైటోసిన్ వలయంలో అయిదవ కార్బన్ దగ్గర ఉన్న హైడ్రోజన్‌ను తీసివేసి, దాని స్థానంలో ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు గల మిథైల్ సమూహాన్ని తగిలిస్తే 5-మిథైల్ సైటోసిన్ ఏర్పడుతుంది. మానవుని డి.ఎన్.ఏ.లో మొత్తం సైటోసిన్‌లలో నూటికి నాలుగైదు ఇట్లా చుక్క పెట్టినవే. సైటోసిన్ ప్రక్కనే గ్వానిన్ వచ్చే చోట్లలోనైతే నూటికి 70 నుంచి 80 వరకు.

అయితే ఈ ఉపమానాన్ని మరీ దూరం లాగకూడదు. ఉర్దూలో చుక్క పడితే మాట మారిపోతుంది. డి.ఎన్.ఏ.లో మిథైల్ చుక్క పడినా సైటోసిన్ సైటోసిన్‌గానే చదువబడుతుంది, తయారయ్యే ప్రోటీను మారదు. మారేదల్లా ఆ జన్యువును కణం చదువుతుందా, మూసి పెడుతుందా అన్నదే. జన్యువు ఆరంభ భాగంలో చుక్కలు దట్టంగా ఉంటే సాధారణంగా ఆ జన్యువు మౌనం వహిస్తుంది. కాలేయ కణమూ మెదడు కణమూ ఒకే డి.ఎన్.ఏ. కలిగి ఉండి కూడా వేరు వేరు పనులు చేయడానికి ఇది ఒక ముఖ్య కారణం. క్యాన్సర్ కణాలలో ఈ చుక్కల అమరిక చెదిరిపోతుంది. ఉండవలసిన చోట పోతుంది, ఉండరాని చోట వస్తుంది. కనుక చుక్కలను లెక్కించడం పండితుల కాలక్షేపం కాదు.

ఈ మిథైల్ సమూహం ఎక్కడినుంచి వస్తుంది? మనం తినే ఆహారం నుంచే. ఆకుకూరలలోని ఫోలిక్ ఆమ్లం, పాలు మాంసాలలోని బి-12 విటమిన్ కలిసి ఈ ఒక్క కార్బన్ సమూహాన్ని చేతులు మార్చుతూ కణంలోకి అందిస్తాయి. ఫోలిక్ ఆమ్లం అనగానే మన తెలుగువారికి ఒక పేరు గుర్తుకు రావలె. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా చేరి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోనే 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. ఆయన పేరు ఈ వ్యాసంలో మరొకసారి, ఎదురుచూడని చోట, రాబోతున్నది.

5-మిథైల్ సైటోసిన్‌ను మొట్టమొదట చూచినామని ప్రకటించినవారు అమెరికాలోని జాన్సన్, కాగ్‌హిల్ అనే రసాయన శాస్త్రజ్ఞులు. సంవత్సరం 1925. వారు దానిని వెతికినది క్షయ క్రిమిలో. ఆ ప్రకటన చాలాకాలం సందేహాస్పదంగానే ఉండిపోయినది. 1948లో రోలిన్ హాచ్‌కిస్ లేగదూడ గ్రంథి నుంచి తీసిన డి.ఎన్.ఏ.ను ముక్కలు చేసి, వడపోత కాగితం మీద ప్రాకించి, సైటోసిన్ చుక్కకు కాస్త ఎడంగా మరొక చిన్న చుక్కను చూచినాడు. అప్పటినుంచి ఈ అయిదవ అక్షరం ఉనికి స్థిరపడినది. కాని కాగితపు పద్ధతికి డి.ఎన్.ఏ. చాలా కావలె, పైగా దానిని పూర్తిగా చిన్నాభిన్నం చేయవలె. చుక్క ఏ క్రోమోసోము మీద ఉన్నదో, ఏ జన్యువు దగ్గర ఉన్నదో తెలియదు. పుస్తకాన్ని చింపి అక్షరాలను కుప్ప పోసి లెక్కపెట్టినట్లు.

పుస్తకాన్ని చింపకుండా చుక్కలను తాకి చూపే వస్తువు కావలె. అక్కడ ప్రతిరక్షకం ప్రవేశించినది.

శరీరంలోకి పరాయి పదార్థం వస్తే దానికి సరిగ్గా అతికే ప్రతిరక్షకాలు తయారవుతాయని మనకు తెలుసు. అయితే మిథైల్ సైటోసిన్ వంటి చిన్న అణువును కుందేలుకు సూదిమందుగా ఇస్తే ఏమీ జరుగదు. అది మరీ చిన్నది. కుందేలు శరీరం దానిని లెక్కచేయదు. ఈ చిక్కుకు పరిష్కారం చూపినవాడు, చిత్రంగా, మన రక్తదాన శిబిరానికి మూలపురుషుడే. 1901లో ఎ, బి, ఓ రక్త వర్గాలను వివరించిన కార్ల్ లాండ్‌స్టైనర్ తరువాతి సంవత్సరాలలో చిన్న అణువులను పెద్ద ప్రోటీనుకు అతికించి జంతువుకు ఇచ్చి చూచినాడు. అప్పుడు ఆ జంతువు ప్రోటీనుకే గాక దాని మీద అతికించిన చిన్న అణువుకు కూడా ప్రతిరక్షకాలను తయారు చేసినది. చిన్నపిల్లవాడు ఒంటరిగా వస్తే బస్సు ఆపని డ్రైవరు, ఊరి పెద్ద భుజం మీద కూర్చొని వస్తే ఆపినట్లు.

1964లో కొలంబియా విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ ఎర్లాంగర్, శామ్ బైజర్ ఈ సూత్రాన్ని కేంద్రకామ్లాలకు అన్వయించినారు. వారి పద్ధతి సులభమైనది, నేటికీ వాడుకలో ఉన్నది. క్షారానికి చక్కెర తగిలి ఉన్న అణువును తీసుకొని, సోడియం పెర్‌అయొడేట్‌తో ఆ చక్కెర వలయాన్ని తెరుస్తారు. తెరుచుకున్న చివరలు గోవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రోటీనుకు అతుక్కుంటాయి. ఈ జంట పదార్థాన్ని కుందేలుకు కొన్ని వారాల వ్యవధితో పలుమార్లు ఎక్కించి, దాని రక్తరసిని సేకరిస్తారు. ఆ రసిలో మనకు కావలసిన ప్రతిరక్షకం ఉంటుంది. దానితోపాటు అక్కరలేనివి కూడా బోలెడు ఉంటాయి. అందుచేత ఆ రసిని ఆల్బుమిన్ పట్టించిన గొట్టం ద్వారా ఒకసారి, మిథైల్ లేని మామూలు సైటోసిన్ పట్టించిన గొట్టం ద్వారా ఒకసారి పోనిస్తారు. వాటికి అంటుకొనేవన్నీ అక్కడ ఆగిపోతాయి. మిగిలినది కేవలం చుక్క ఉన్న సైటోసిన్‌నే పట్టేది – లేక, పట్టుతుందని మనం ఆశించేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలె. ఒక ప్రతిరక్షకం అణుభారం సుమారు 1,50,000. హైడ్రోజన్ పోయి మిథైల్ వచ్చినందువల్ల సైటోసిన్‌లో పెరిగిన భారం 14 మాత్రమే. ఏనుగు తొండంతో నువ్వుగింజను తడిమి, దానికి పొట్టు ఉన్నదా లేదా అని చెప్పవలసిన పని ఇది. ఏనుగు చెప్పగలుగుతున్నదంటే ఆశ్చర్యపడవలె. ప్రతిసారీ సరిగానే చెబుతుందని నమ్మడం మాత్రం వేరు సంగతి.

మరొక చిక్కు డి.ఎన్.ఏ. నిర్మాణంలోనే ఉన్నది. రెండు పోగులు మెలివేసుకొని ఉన్నప్పుడు క్షారాలు లోపలివైపుకు తిరిగి, ఒకదానిని ఒకటి పట్టుకొని ఉంటాయి. క్షారం మీద తయారైన ప్రతిరక్షకానికి అవి సరిగా అందవు. కావున డి.ఎన్.ఏ. ద్రావణాన్ని దాదాపు మరిగే వేడిలో కొన్ని నిమిషాలు ఉంచి, వెంటనే మంచుగడ్డలో పెడతారు. వేడికి పోగులు విడిపోతాయి. హఠాత్తుగా చల్లబడితే మళ్ళీ జతకూడడానికి వ్యవధి ఉండదు. విద్యార్థులు తరచుగా తప్పేది ఈ మెట్టు దగ్గరే. మంచు తెచ్చుకోవడానికి బద్ధకించి గది వేడిమికే వదిలివేస్తే పోగులు మెల్లగా మళ్ళీ ముడివడతాయి, చుక్కలు ఉన్నా లేనట్లే కనబడతాయి.

విడదీసిన డి.ఎన్.ఏ.ను నైట్రోసెల్యులోజు పొర మీద చుక్కగా పెట్టి ఆరబెడతారు. పొరలో మిగిలిన ఖాళీని పాలపొడి ద్రావణం వంటి దానితో నింపుతారు. లేకపోతే ప్రతిరక్షకం పొరకే అంటుకుంటుంది. తరువాత మొదటి ప్రతిరక్షకం, కడుగుడు, ఆ మొదటిదానిని పట్టే రెండవ ప్రతిరక్షకం, మళ్ళీ కడుగుడు. రెండవదానికి ఒక ఎంజైము కట్టి ఉంటుంది. చివరగా ఆ ఎంజైము తాకగానే రంగు మారే పదార్థం పోస్తారు. రంగు వచ్చినచోట మిథైల్ చుక్క ఉన్నదని అర్థం.

ఈ సాధనంతో చూడదగినది మిథైల్ ఒక్కటే కాదు. రోహిణి కార్తెలో మన నల్లగొండ ఎండకు పొలంలో నిలబడినవాని చర్మకణాలలో ప్రక్క ప్రక్కన ఉన్న రెండు థైమిన్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అటువంటి అతినీలలోహిత కిరణ గాయాలను పట్టే ప్రతిరక్షకాలను 1966లోనే తయారు చేసినారు. లూపస్ అనే వ్యాధిలో రోగి శరీరమే తన డి.ఎన్.ఏ. మీద ప్రతిరక్షకాలు తయారు చేసుకుంటుందని 1957లో తెలిసినది. నేటికీ ఆ వ్యాధి నిర్ధారణకు రక్తంలో వాటినే వెతుకుతారు. 1974లో ఓర్లాండో మిల్లర్ బృందం మిథైల్ ప్రతిరక్షకాన్ని మానవ క్రోమోసోముల మీద పరచి, 1, 9, 15, 16 సంఖ్యల క్రోమోసోములలోను, వై క్రోమోసోములోను గట్టిగా ముడుచుకొని ఉండే భాగాలు ప్రత్యేకంగా వెలుగుతున్నవని చూపించినది. చుక్కలు ఎక్కడ ఉన్నవో కంటితో చూడగలగడం అదే మొదలు.

కుందేలు రసితో ఒక ఇబ్బంది ఉన్నది. ఒక కుందేలు రసి మరొక కుందేలు రసి వలె ఉండదు. ఆ కుందేలు చనిపోతే ఆ రసి కూడా ముగిసినట్లే. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఈ ఇబ్బందిని తొలగించినారు. ప్రతిరక్షకాన్ని తయారుచేసే ఎలుక ప్లీహ కణాన్ని, చావు లేకుండా పెరిగే మైలోమా క్యాన్సర్ కణంతో కలిపి ఒకే కణంగా చేసినారు. ఆ కణ సంతతి ఒకే రకం ప్రతిరక్షకాన్ని తరగకుండా ఇస్తుంది. వారికి 1984లో నీల్స్ యెర్నెతోపాటు నోబెల్ బహుమతి లభించినది.

కాని కలిసిన కణాలు లక్షలో కొన్నే. కలవని క్యాన్సర్ కణాలు వాటిని కప్పివేస్తాయి. వాటిని ఏరివేయడానికి ఒక ద్రావణం వాడతారు. అందులో ముఖ్యమైన విషం అమినోప్టెరిన్. అది ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకొని, డి.ఎన్.ఏ. తయారీకి గల ప్రధాన మార్గాన్ని మూసివేస్తుంది. ఎంపిక చేసిన క్యాన్సర్ కణాలకు ప్రక్క దారి లేదు గనుక అవి చనిపోతాయి. ప్లీహ కణాలకు ప్రక్క దారి ఉన్నా అవి పాత్రలో కొద్ది రోజులే బ్రతుకుతాయి. రెండింటి గుణాలు కలిసిన జంట కణాలు మాత్రమే మిగులుతాయి. ఈ అమినోప్టెరిన్ లెడర్లీలో సుబ్బారావు పరిశోధన విభాగంలో తయారైన పదార్థం. 1947–48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూచినది దానినే. సుబ్బారావు 1948లోనే కన్నుమూసినాడు. ఏకరూప ప్రతిరక్షకాలు వచ్చినది మరి 27 ఏండ్లకు. డి.ఎన్.ఏ. మీద చుక్క పెట్టడానికి కావలసిన విటమినూ, ఆ చుక్కను వెతికే ప్రతిరక్షకాన్ని ఏరడానికి కావలసిన విషమూ, రెండూ ఆ భీమవరం మనిషి ఆధ్వర్యంలోని ప్రయోగశాల నుంచే రావడం మన పాఠ్యపుస్తకాలలో ఎక్కడైనా ఒక వాక్యంగా ఉండవలసినది.

ఇక మన పొరుగు రాష్ట్రపు కథ. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో హెచ్. శరత్ చంద్ర అనే జన్యుశాస్త్రజ్ఞుడు పిండినల్లి మీద పరిశోధనలు చేసేవారు. బత్తాయి, జామ తోటలున్న మన రైతులకు పిండినల్లి పరిచయమే. కొమ్మకు తెల్లని పిండి అంటినట్లు కనబడుతుంది, మందు కొట్టినా త్వరగా పోదు. ఈ పాడు పురుగులో ఒక వింత ఉన్నది. మగ పిండంలో తండ్రి నుంచి వచ్చిన క్రోమోసోముల జట్టు యావత్తూ ముడుచుకొని పనిచేయకుండా పోతుంది. తల్లి జట్టు మాత్రమే పనిచేస్తుంది. ఇది తండ్రిది, ఇది తల్లిది అని కణానికి ఎట్లా తెలుస్తున్నది? ఏదో ఒక గుర్తు ఉండవలె. ఆ గుర్తు మిథైల్ చుక్క కావచ్చునా అన్న ప్రశ్న సహజంగా వచ్చినది.

1983లో అచ్వల్, అయ్యర్, శరత్ చంద్ర మార్పు చెందిన క్షారాలను పట్టే ప్రతిరక్షకాలతో మానవ, పండ్ల ఈగ, పిండినల్లి డి.ఎన్.ఏ.లను పరీక్షించి, మూడింటిలోను 5-మిథైల్ సైటోసిన్‌కే గాక 6-మిథైల్ ఎడినిన్‌కు, 7-మిథైల్ గ్వానిన్‌కు కూడా ఆధారం దొరికినదని ప్రకటించినారు. ఇది సాహసోపేతమైన ప్రకటన. ఎందుకంటే అంతకు ముందు సంవత్సరమే, 1982లో, ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు పండ్ల ఈగ డి.ఎన్.ఏ.లో మిథైల్ గల క్షారాలు కనుగొనదగినంతగా లేనేలేవని ముద్రించి ఉన్నారు. లేదని ఒకరు, ఉన్నదని ఒకరు. బెంగుళూరువారు ఊరుకోలేదు. 1984లో అచ్వల్, గంగూలీ, శరత్ చంద్ర ఈగ డి.ఎన్.ఏ.లోని మిథైల్ సైటోసిన్ ఎంత అని కొలవడానికి రెండు దారులు త్రొక్కినారు. ఒకటి, ఎంజైము రంగును పలు రెట్లు పెంచి చదవడం. రెండవది మరీ సొగసైనది: రంగు చుక్క మీద ఆగి ఆగి వెలుతురు వేస్తే అది ఆ వెలుతురును త్రాగి స్వల్పంగా వేడెక్కి, చుట్టూ ఉన్న గాలిని కదిలిస్తుంది. ఆ కదలికను సూక్ష్మమైన మైక్రోఫోను పట్టుకుంటుంది. కంటికి ఆనని రంగును చెవితో కొలవడం అన్నమాట! వారికి తేలినది అతి స్వల్ప పరిమాణం. అయినా శూన్యం కాదు.

వారు చెప్పినది నిజమా? ముప్పై ఏండ్లకు కూడా ఏకాభిప్రాయం రాలేదు. 2000లో మరొక బృందం ఈగ పిండాలలో మిథైల్ సైటోసిన్ ఉన్నదని చెప్పినది. 2013లో యావత్తు డి.ఎన్.ఏ.ను అక్షరం అక్షరంగా చదివినవారికి క్రమబద్ధమైన చుక్కల అమరిక ఏదీ కనబడలేదు. 2014లో అణుభారాన్ని తూచే యంత్రంతో పరీక్షించినవారికి మళ్ళీ జాడమాత్రంగా కనబడినది. నా ఉద్దేశంలో బెంగుళూరువారి సైటోసిన్ ఫలితం గౌరవింపదగినదే. ఎడినిన్ విషయం వేరు, దానికి తరువాత వస్తాను.

ప్రతిరక్షకం పరీక్షలో రంగు వచ్చినంత మాత్రాన ఎందుకు నమ్మకూడదో నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరక ముందు కొన్ని నెలలు ఒక ప్రయోగశాలలో శిక్షణకు వెళ్ళినాను. వారం రోజులు కష్టపడి పొర మీద డి.ఎన్.ఏ. చుక్కలు పెట్టి రంగు తెప్పించినాను. ఎంతో చక్కగా, గుండ్రంగా, వరుసగా వచ్చినవి. పెద్దసారుకు చూపించినాను. ఆయన కళ్ళద్దాలు తీసి, పొరను కిటికీ వెలుతురుకు పెట్టి చూచినారు.

‘‘మిథైల్ లేని డి.ఎన్.ఏ. చుక్క ఎక్కడ పెట్టినవయ్యా?’’

‘‘పెట్టలేదు సార్.’’

‘‘మొదటి యాంటీబాడీ పోయకుండ ఒక పట్టీ చేసినవా?’’

‘‘లేదు సార్.’’

‘‘అట్లయితే ఇది మంచి రంగుల కాగితం. ఇంట్ల గోడకు పెట్టుకో.’’

మర్నాడు ఆయన చెప్పినట్లు చేసినాను. మొదటి ప్రతిరక్షకం వేయని పట్టీ మీద కూడా అవే చుక్కలు, అంతే చక్కగా వచ్చినవి. వారం రోజులుగా నేను కొలుస్తున్నది డి.ఎన్.ఏ. మీది మిథైల్‌ను కాదు. రెండవ ప్రతిరక్షకం ఎక్కడపడితే అక్కడ అంటుకోవడాన్ని. తప్పు నాదే, పాలపొడి ద్రావణంలో పొరను తగినంత సేపు ఉంచలేదు. అయినా ఆ పట్టీ పెట్టకపోయి ఉంటే ఆ తప్పు నాకు ఎన్నటికీ తెలిసేది కాదు. అందమైన సంఖ్యలతో నివేదిక వ్రాసి ఉండేవాడిని.

అందుచేత ఈ పరీక్షకు తోడుగా నిలబెట్టవలసిన సాక్షులు కొందరున్నారు. గొట్టంలో కృత్రిమంగా ప్రతులు తీసిన డి.ఎన్.ఏ.కు మిథైల్ ఉండదు; అది రంగు చూపకూడదు. మిథైల్ దండిగా ఉన్నదని తెలిసిన డి.ఎన్.ఏ. రంగు చూపవలె. అన్నిటికంటె నమ్మదగినది మరొకటి: ప్రతిరక్షకంలో ముందుగానే విడి మిథైల్ సైటోసిన్‌ను కలపవలె. అప్పుడు ప్రతిరక్షకం చేతులు నిండిపోయి, పొర మీది డి.ఎన్.ఏ.ను పట్టలేదు, రంగు మాయం కావలె. మామూలు సైటోసిన్ కలిపితే రంగు అట్లే నిలువవలె. మొదటిది మాయం కాకపోయినా, రెండవది నిలువకపోయినా ఆ ప్రతిరక్షకం మాట చెల్లదు.

ఇది విద్యార్థుల తప్పిదం మాత్రమే అనుకొంటే పొరపాటు. 2005లో స్విట్జర్లాండులో ఈ ప్రతిరక్షకంతో ముక్కలు చేసిన డి.ఎన్.ఏ. నుంచి చుక్కలున్న ముక్కలను మాత్రమే వల వేసి పట్టి, అవి ఏ జన్యువులవో చదివే పద్ధతి వెలువడినది. 2009లో అమెరికాలో అంజనా రావు బృందం, మరొక బృందం వేరు వేరుగా, క్షీరదాల డి.ఎన్.ఏ.లో హైడ్రాక్సీ మిథైల్ సైటోసిన్ అనే మరొక చుక్కను చూపించినవి. 1992 నుంచి అందరూ మెచ్చుకొనే బైసల్ఫైట్ పద్ధతి ఈ రెండు చుక్కలను వేరు చేసి చూపలేదు, ప్రతిరక్షకం చూపగలదు. దానితో ప్రతిరక్షకాల గిరాకీ ఒక్కసారిగా పెరిగినది. వందల ప్రయోగశాలలు వలలు వేసినవి. తీరా 2018లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ పాత లెక్కలను తిరగదోడి ఒక విషయం బయటపెట్టినారు. చుక్కలున్నవని లెక్కకు వచ్చిన ప్రదేశాలలో నూటికి 50 నుంచి 99 వరకు పొరపాటు కావచ్చునట! ఒకే చిన్న పదం పదే పదే వచ్చే డి.ఎన్.ఏ. భాగాలకు, చుక్క ఉన్నా లేకపోయినా, ప్రతిరక్షకాలు తమ స్వభావం చేతనే అంటుకొంటున్నవి. దేనికీ సంబంధించని మామూలు ప్రతిరక్షకాన్ని ప్రక్కన పెట్టి చూచి ఉంటే ఇది ముందే తెలిసేది. మా పెద్దసారు అడిగిన ప్రశ్నే అది.

ఇప్పుడు ఎడినిన్ సంగతి. 6-మిథైల్ ఎడినిన్ సూక్ష్మక్రిములలో సర్వసాధారణం. ఈగలో, ఎలుకలో, చివరకు మనిషిలో కూడా అది ఉన్నదని 2015 నుంచి 2018 వరకు పెద్ద పత్రికలలో వ్యాసాలు వచ్చినవి. వాటిలో ప్రతిరక్షకాల సాక్ష్యం కూడా ఉన్నది. ఆ తరువాత, 2020లోను 2022లోను, లోతైన పరీక్షలు ఈ నమ్మకాన్ని చాలావరకు కదలించినవి. ఈగ కడుపులో క్రిములు ఉంటాయి. పరీక్షలో వాడే ఎంజైములను కూడా క్రిములలోనే పెంచుతారు గనుక వాటి వెంట క్రిమి డి.ఎన్.ఏ. వస్తుంది. ప్రతిరక్షకం అబద్ధం చెప్పలేదు. నిజంగానే మిథైల్ ఎడినిన్‌ను పట్టినది. అది ఎవరిదో మాత్రం చెప్పలేదు. 1983 నాటి బెంగుళూరు ప్రకటనలోని ఆ భాగాన్ని నేడు అంత సులభంగా అంగీకరించలేకపోవడానికి కారణం ఇదే.

చివరకు క్షయ క్రిమి దగ్గరకే మళ్ళీ వస్తాం. నార్కట్‌పల్లి నుంచి ఇదే రహదారిలో పడమరగా సుమారు 80 కిలోమీటర్లు పోతే హైదరాబాదు. అక్కడి డి.ఎన్.ఏ. వేలిముద్రల, నిర్ధారణ కేంద్రంలో సంజీవ్ ఖోస్లా బృందం 2015లో ఒక విశేషాన్ని ప్రకటించినది. క్షయ క్రిమి స్రవించే ఆర్‌వి2966సి అనే ప్రోటీను మన కణంలోకి, అందులోనూ కేంద్రకంలోకి చేరి, మన డి.ఎన్.ఏ. మీదనే మిథైల్ చుక్కలు పెట్టగలదు. అది కూడా మన కణం సాధారణంగా పెట్టే చోట్ల కాదు. సైటోసిన్ ప్రక్కన గ్వానిన్ లేని చోట్ల. ఇంటిలో దూరిన దొంగ మన లెక్కల పుస్తకం తెరిచి తన కలంతో చుక్కలు పెట్టినట్లు. 1925లో జాన్సన్, కాగ్‌హిల్ క్రిమి డి.ఎన్.ఏ.లో ఈ చుక్కను వెతికితే, 90 ఏండ్లకు హైదరాబాదువారు ఆ క్రిమి మన డి.ఎన్.ఏ. మీద పెట్టిన చుక్కను వెతికినారు.

ఇటువంటి ప్రశ్నకు ప్రతిరక్షకం ఒక్కటే చాలదు. మన కణం పెట్టిన మిథైల్, క్రిమి పెట్టిన మిథైల్ రసాయనికంగా ఒకటే. ప్రతిరక్షకానికి రెండూ ఒకే రంగు. చుక్క ఏ అక్షరం ప్రక్కన ఉన్నదో బైసల్ఫైట్‌తో చదివి చూడవలె; ఆ ప్రోటీను లేని క్రిమిని తెచ్చి ప్రక్కన నిలబెట్టి పోల్చవలె. రంగు వచ్చిన తరువాతనే అసలు పని మొదలవుతుంది.